సెన్రి ముగింపు మీద బంగారు గొడుగు

జనవరి 9, శుక్రవారం

గేమ్ విడుదలై నెల తిరగకముందే అభిప్రాయాల కార్డులు రెండు సంచులొచ్చాయి. గేమ్ డబ్బాలో పెట్టి మేం పంపిన కార్డులే, రాతలతో నిండి మళ్ళీ మా గుమ్మంలోకి. మా బాస్ ఇగరాషి వాటిని బల్ల మీద కుమ్మరించి, ఎవరి గురించి రాసినవి వాళ్ళ కుప్పలో వెయ్యమంది. మాది ప్రేమకథల గేమ్: ఆడేవాళ్ళు మనసివ్వడానికి ఐదుగురు మగవాళ్ళు, ఐదు కుప్పలు.

సత్రం వారసుడు, నోటిదురుసు వంటవాడు, కళ్ళజోడు డాక్టరు, చిన్ననాటి స్నేహితుడు. ఈ నలుగురినీ వేరేవాళ్ళు రాశారు. ఐదోవాడు సెన్రి నావాడు. సముద్రం లోతులు కొలిచే ఉద్యోగం, నెలలో ఎక్కువ రోజులు ఊళ్ళో ఉండడు. సాయంత్రానికి ఆ నాలుగు కుప్పలూ గుట్టలయ్యాయి. సెన్రిది అప్పడంలా ఉంది.

నాలుగింటప్పుడు కనెషిరో కంప్యూటర్ పక్కనుంచి తల బయటపెట్టాడు. గేమ్‌లో ఎక్కడ ఏది పాడైనా అతనే చూడాలి.

"తొమోయె గారూ, మీ సెన్రి కథలో బగ్ ఉందట."

"ఏం బగ్?"

"దుఃఖాంతం మీద బంగారు గొడుగు పడుతోందట. బూడిదరంగుది పడాలి కదా, సరిచెయ్యండి అని రాసిందొకావిడ."

నా ముందే ఆడి చూపించాడు. కథానాయిక, అంటే గొడుగులు బాగుచేసే కొట్టు అమ్మాయి, తరఫున మాటలు ఎంచుకుంటూ పోయాడు, అన్నీ సరైనవే. చివరి ఘట్టం వచ్చింది. ఆదివారం, వాన. సెన్రి ఎక్కడో రేవు నుంచి ఫోన్ చేస్తాడు. ఏమీ విశేషాలు లేవుగా అంటాడు. లేవు, బాగానే ఉన్నాను అంటుంది. ఫోన్ పెట్టేసి ఒక్క గిన్నెలో అన్నం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. 'ఎంత దూరంలో ఉన్నా, ఉన్నాడు. అది చాలు' అనుకుంటుంది. తెర మీద సుఖాంతానికి గుర్తయిన బంగారు గొడుగు నెమ్మదిగా విచ్చుకుంది.

"బగ్ ఏమీ లేదండీ," అన్నాడు కనెషిరో. "మీరు రాసిన సుఖాంతం ఇదే కదా?"

"ఇదే."

ఏదో అనబోయి టీ తాగాడు. కొందరికి మౌనం అర్థం కాదు. చదివేవాళ్ళందరికీ అన్నీ నమిలి నోట్లో పెట్టాలంటే నా వల్ల కాదు.

జనవరి 11, ఆదివారం

మా ఆయన యసుఫుమి ఫోన్ చేశాడు. విశేషాలు లేవు.

జనవరి 16, శుక్రవారం

అదే బగ్ మీద మళ్ళీ రిపోర్టులు. ఒకరు తెర ఫొటో తీసి, బంగారు గొడుగు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి పంపారు.

ఈ రోజే అభిమాన పాత్ర ఓట్లు లెక్కపెట్టారు. వంటవాడు మొదట. నోటికొచ్చినట్టు తిట్టేవాడంటే ఈ ఆడపిల్లలకెందుకంత ఇష్టమో. సెన్రి ఆరోవాడు. ఉన్నది ఐదుగురే కదా అని చూస్తే, ఐదో చోట గొడుగుల కొట్టులో పడుకునే పిల్లి ఉంది. దానికి ఓటు వెయ్యడానికి గడే లేదు. జనం కింద ఖాళీలో రాసి మరీ వేశారు.

ఇగరాషి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

జనవరి 18, ఆదివారం

యసుఫుమి ఫోన్ చేశాడు. అతని ఉద్యోగం ఉన్న ఉత్తరాది హకొదాతెలో మోకాలి లోతు మంచట. విశేషాలు లేవు.

ఈ మాట ఒకసారి రాసిపెట్టుకోవాలి, ఆఫీసులో ఎలాగూ చెప్పను. ఎనిమిదింటికి ఫోన్ మోగుతుందని ఏడున్నరకే అన్నం వార్చేసుకుంటాను. ఏమీ విశేషాలు లేవుగా అంటాడు. లేవు అంటాను. అక్కడి వాతావరణం, ఇక్కడి వాతావరణం. సరే అయితే అంటాడు. అంతే. చేపల గిడ్డంగులకి చల్లబరిచే యంత్రాలు అమ్ముకునే మనిషి అంతకన్నా ఏం మాట్లాడతాడు? పెళ్ళయి పదేళ్ళు దాటాక కూడా గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళకి ఒకరి మీద ఒకరికి నమ్మకం లేనట్టే. మా ఇద్దరికీ నమ్మకం ఉంది. సెన్రిని నేను దాంట్లోంచి తీశాను.

దాన్ని పట్టుకుని బగ్ అంటున్నారు.

జనవరి 23, శుక్రవారం

'బార్లీ టీ' అనే మారుపేరుతో ఒకావిడ మా గేముకి దారి చూపే పేజీ నడుపుతోంది. ఎక్కడ ఏ మాట ఎంచుకుంటే ఎవరు దక్కుతారో అన్నీ రాస్తుంది. నలుగురి కథలూ పూర్తిచేసి సెన్రి దగ్గర ఆగింది. నా ముగింపుని 'దుఃఖాంతం, రెండో రకం' అని వేసి, కింద ఇలా రాసింది: 'అసలు సుఖాంతం ఇంకా ఎవరికీ దొరకలేదు. ఎక్కడో దాచి ఉంటారు. ఇంత ప్రేమగా రాసిన మనిషి అంత కఠినాత్మురాలు కాదు.'

దాని మీద పెద్ద వేటే మొదలైంది. పిల్లికి మూడుసార్లు అన్నం పెట్టకుండా చూడండి అంటారొకరు. సెన్రి పంపిన ఆపిల్ పళ్ళు తినకుండా కుళ్ళబెట్టి చూశాను, లాభం లేదు అంటారింకొకరు. ఒకమ్మాయి గేమ్ తెరిచి రాత్రంతా అలాగే వదిలేసిందట, తెల్లారేసరికి తిరిగొస్తాడేమోనని.

అభిమానుల పేజీల్లో మేం నోరెత్తకూడదని ఇగరాషి రూలు. లేకపోతే రాద్దును. లేదమ్మా, మీరు చూసిందే అది, వెతుక్కోకండి అని.

చూసేటప్పటికి కాఫీ చల్లారిపోయింది.

జనవరి 27, మంగళవారం

ఇగరాషి కింద కళ్ళజోళ్ళ కొట్టు పక్క నూడుల్స్ దుకాణానికి తీసుకెళ్ళింది. ఆవిడ భోజనానికి పిలిచిందంటే పని ఉన్నట్టే.

"సెన్రికి ఇంకో ముగింపు రాయవే."

"ఉన్నదానికేమైంది?"

"ఏం కాలేదు. చదివి నాకు రెండు రోజులు మనసు బాగోలేదు. అంత బాగా రాశావు. కానీ అది సుఖాంతం కాదు."

"అమ్మాయి సుఖంగా ఉన్నానంటోంది కదా."

"ఆ పిల్ల అంటోంది. చూసేవాళ్ళకి అనిపించట్లేదు." నూడుల్స్ జుర్రి, చాప్‌స్టిక్స్ పక్కన పెట్టింది. "ఏప్రిల్ ఒకటిన గేమ్‌కి దిద్దుబాటు వదులుతున్నాం. ఈలోపల వాణ్ణి ఇంటికి తీసుకురా. సముద్రం ఎక్కడికీ పోదులే."

రెండుసార్లు విడాకులు తీసుకున్న మనిషి నాకు సుఖాంతం పాఠాలు చెబుతోంది. చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ. సరేనన్నాను. ఆవిడే బిల్లు కట్టింది కాబట్టి కాదు, వాదించే ఓపిక లేక.

ఫిబ్రవరి 1, ఆదివారం

యసుఫుమి ఫోన్ చేశాడు. బదిలీల లిస్టు మార్చి మధ్యలో వస్తుందట. అక్కడికి వెళ్ళి ఈ ఏప్రిల్‌కి మూడేళ్ళు. మూడేళ్ళయితే ఎవరినైనా వెనక్కి పంపిస్తారు. ఈసారి ఖాయం.

రెండో పరుపు ఎండలో వేశాను. కిందటేడు కూడా వేశాను కానీ అప్పటికి రెండేళ్ళే కదా.

ఫిబ్రవరి 3, మంగళవారం

స్టేషన్ దగ్గర ఋతువు మారే పండుగ సుషీ రోల్ కొన్నాను, అందరూ కొన్నట్టే. ఈ ఏటి మంచి దిక్కుకి తిరిగి, కొయ్యకుండా, మొత్తం తినేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. మాట్లాడితే అదృష్టం పోతుంది. మా ఇంట్లో ఆ దిక్కు బీరువా వైపు పడింది. బీరువాని చూస్తూ తిన్నాను. మాట్లాడకుండా ఉండటం నాకేమీ కష్టం కాలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

రాయడానికి కూర్చున్నాను. సెన్రి తలుపు తీశాడు. బూట్లు విప్పాడు. లోపలికొచ్చాడు. కొట్టు అమ్మాయి గొడుగు చువ్వలు కింద పెట్టి తలెత్తింది.

అక్కడ ఆగిపోయాను. వచ్చాడు, సరే. వచ్చినవాడు ఏమంటాడు?

'ఏమీ విశేషాలు లేవుగా?' అన్నాడు. కొట్టేశాను. మళ్ళీ తలుపు తీయించాను. మళ్ళీ అదే అన్నాడు.

ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. విశేషాలు లేవు.

ఫిబ్రవరి 16, సోమవారం

శనివారం ప్రేమికుల రోజు కావడంతో ఈ రోజు పార్సిళ్ళ వాన. కాగితం మీద మనుషులకి నిజమైన చాక్లెట్లు. ప్రతిసారీ ఇంతే, అయినా చూస్తే ప్రతిసారీ ఆశ్చర్యమే. వంటవాడికి మూడు అట్టపెట్టెలు. డాక్టరుకి కళ్ళజోడు తుడుచుకునే గుడ్డలతో సహా. పిల్లికి ఎండుచేపలు.

సెన్రికి ఒక్కటే. పలచటి డబ్బా, చేదు చాక్లెట్. లోపల చీటీ: 'సెన్రి గారికి. ఇవి తినండి. తిన్నాక ఇంటికి వెళ్ళండి.'

కనెషిరో పైకి చదివి పగలబడి నవ్వాడు. "చూశారా, పెళ్ళాం కంటే గట్టిగా చెప్పింది."

నేనూ నవ్వాను. తర్వాత కంట్లో ఏదో నలక పడితే కడుక్కోవడానికి వెళ్ళాను. ఆ గదికి కిటికీ లేదు, నలక ఎక్కణ్ణుంచి వచ్చిందో.

యసుఫుమికి నేను పంపిన చాక్లెట్లు అందాయట. బొటనవేలు బొమ్మ పంపాడు. అతనికి మాటలతో పని లేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

తొత్తోరి నుంచి ఒక కార్డు వచ్చింది. వయసు గడిలో అరవై పైన అని ఉంది. అక్షరాలు పెద్దవి, నిదానమైనవి.

'మా కోడలు ఆడుతుంటే చూసి నేనూ ఆడాను. సెన్రి ముగింపు బగ్ అని కోడలు అంటోంది. నేను అనుకోను. ఆ ముగింపులో నేను చాలా ఏళ్ళు కాపురం చేశాను. నాకు మాత్రం ఎవరూ బంగారు గొడుగు ఇవ్వలేదు. ఒక్క మనవి. ఫోన్ వచ్చినప్పుడల్లా ఆ పిల్లకి మీరు రెండు మాటలే ఇస్తున్నారు. బాగానే ఉన్నాను, లేకపోతే బెంగ పెట్టుకోకు. మూడోది కూడా పెట్టండి. ఆ పిల్ల చెప్పినా చెప్పకపోయినా ఉండటం మంచిది.'

డాక్టరు కుప్పలో పెట్టేశాను. అడుగున.

ఫిబ్రవరి 22, ఆదివారం

యసుఫుమి ఫోన్ చేశాడు. బాగానే ఉన్నాను అన్నాను. బెంగ పెట్టుకోకు అన్నాను. ఫోన్ పెట్టేశాక కాసేపు అక్కడే నిలబడ్డాను. వేరే ఏమీ లేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

డాక్టరు కుప్ప అడుగు నుంచి ఆ కార్డు మళ్ళీ తీశాను. ఆ కుప్పలో ఉంటే లెక్క తప్పుతుంది కదా.

మార్చి 1, ఆదివారం

ఈసారి ఆ మూడో మాట చెబుదామనుకున్నాను. ఫోన్ మోగే ముందు రెండుసార్లు పైకి అని కూడా చూసుకున్నాను. అతను అటునుంచి, "ఏమీ విశేషాలు లేవుగా?" అన్నాడు. "ప్లమ్ పూలు పూశాయి," అన్నాను. "అవునా, ఇక్కడింకా మంచే," అన్నాడు.

లిస్టు రానీ. వచ్చేసేవాడికి ఇప్పుడు చెప్పి గాభరా పెట్టడం దేనికి?

మార్చి 6, శుక్రవారం

ఇగరాషి అడిగింది. అయిపోవచ్చింది అన్నాను. కథ ఇంకా తలుపు దగ్గరే ఉంది.

అందరూ వెళ్ళాక కనెషిరో సంచి సర్దుకుంటూ, "మీ ఆయన ఎప్పుడొస్తారండీ?" అన్నాడు.

"ఏప్రిల్‌కి."

"కిందటేడూ ఏప్రిలే అన్నారు." అని నాలిక్కరుచుకున్నాడు. ఒకినావా మనిషి, మనసులో ఉన్నది నోట్లోకి రావడానికి ఆట్టే టైమ్ పట్టదు. "మా ఇంటికోసారి భోజనానికి రండి. మా ఆవిడ కాకరకాయ గుడ్లతో వేపుతుంది. మా అల్లరి చూస్తే మీకు రాయడానికి ఏదన్నా దొరుకుతుంది."

"ఆదివారాలు నాకు కుదరదు."

"తెలుసండీ. ఆదివారం ఎనిమిదింటికి." నేను చూసేసరికి సంచి జిప్పు మీద దృష్టి పెట్టాడు. "అంటే, సెన్రి ఫోన్ కూడా అప్పుడే కదా. గేమ్‌లో గడియారం ముల్లు పెట్టింది నేనేగా."

శనివారమైనా రండి అని వెళ్ళిపోయాడు. కోపమొచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక బల్ల తుడిచాను.

మార్చి 14, శనివారం

ప్రేమికుల రోజు చాక్లెట్లకి మగవాళ్ళు బదులివ్వాల్సిన రోజు. యసుఫుమి నుంచి బిస్కట్ల డబ్బా వచ్చింది. అదే దుకాణం, అదే నీలం డబ్బా, మూడోది. మొదటిదాంట్లో పెన్సిళ్ళు, రెండోదాంట్లో గుండీలు. మనిషి నిలకడ అంటే ఇది.

చాక్లెట్లు పంపినవాళ్ళకి పాత్రల తరఫున బదులు కార్డులు నిన్ననే రాసేశాం. సెన్రిది నా వంతు. 'అందాయి. తిన్నాను. కృతజ్ఞతలు.' ఇంటికి వెళుతున్నాను అని రాయాల్సిన చోట కలం ఆగింది. అక్కడ వాన చుక్కలు వేసి పంపేశాను.

లిస్టు నిన్న వచ్చి ఉండాలి. ఫోన్ రాలేదు. రేపు ఆదివారమే కదా, రేపు చెబుతాడు.

మార్చి 15, ఆదివారం

అన్నది అన్నట్టు రాస్తాను. రేపటికి దీన్ని నేనే మార్చేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

"ఏమీ విశేషాలు లేవుగా?"

"నీ దగ్గరే ఉండాలి. లిస్టు వచ్చిందా?"

"ఆఁ, వచ్చింది. ఇంకో మూడేళ్ళు ఇక్కడే."

అటు టీవీ మోగుతోంది. నేను గోడ చూస్తున్నాను. అప్పుడు చెప్పాను.

"నాకిక్కడ ఒక్కదాన్నే ఉండటం బాగోలేదు. వచ్చెయ్యి."

టీవీ ఆగింది.

"ఒంట్లో బాగోలేదా?"

"ఒంట్లో బాగానే ఉంది. నువ్వు లేకపోతే బాగోలేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి నుంచీ."

"మరి ఎప్పుడడిగినా బాగానే ఉన్నానంటావు." కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. "ప్రతి వారం అడుగుతూనే ఉన్నాను కదా, తొమోయె."

అతనే మళ్ళీ అందుకున్నాడు.

"వాళ్ళు వెనక్కి వెళ్ళమన్నారు. ఇక్కడే ఉంటానని నేనే అడిగాను."

"ఎవరన్నా ఉన్నారా?"

"అయ్యో, లేరు. అలాంటిదేం లేదు. ఒక్కణ్ణే ఉంటే నాకు హాయిగా ఉంది, అంతే. నీకూ అలాగే ఉందనుకున్నా. మనిద్దరం ఒకలాంటి మనుషులం, అదృష్టవంతులం అనుకున్నా."

ఎవరన్నా ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది.

"అక్కడ చలి తగ్గిందా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"తగ్గింది," అన్నాడు. "సరే అయితే."

మార్చి 16, సోమవారం

ఆఫీసుకి వెళ్ళాను.

మార్చి 17, మంగళవారం

వెళ్ళాను.

మార్చి 18, బుధవారం

ఈ రోజు సెన్రి ముగింపు నేనే మొదటి నుంచి ఆడాను. రాసినప్పటి నుంచి ఎన్నిసార్లు చదివానో, ఆడటం ఇదే మొదలు. ఫోన్ మోగింది. తెర మీద రెండు మాటలొచ్చాయి. బాగానే ఉన్నాను. బెంగ పెట్టుకోకు. మూడోదాని కోసం కింద ఖాళీలో నొక్కాను. అక్కడేమీ లేదు. నేనే పెట్టలేదు.

ఆ పిల్ల ఒక్క గిన్నెలో అన్నం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఉన్నాడు, అది చాలు అంది. బంగారు గొడుగు విచ్చుకుంది. కనెషిరో ముందే ఏడ్చాను. ఈసారి నలకనుకోలేదు.

అతను టిష్యూ పెట్టె ఇటు తోసి, తన కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాడు. ముక్కు తుడుచుకున్నాక చెప్పాను.

"ఆ బగ్ నిజమే. గొడుగు మార్చండి."

"బూడిదరంగుదా?"

"బూడిదరంగుదే."

"మరి కథ?"

"కథలో ఒక్క మాట కూడా ముట్టుకోకండి. అది సరిగ్గానే ఉంది. రంగు ఒక్కటే తప్పు."

మార్చడానికి అరనిమిషం పట్టింది. రిపోర్టులన్నిటికీ కింద కారణం రాయాలి కదా. "ఏమని రాయమంటారు?" అన్నాడు.

"రాసిన మనిషి పొరబడింది అని."

అతను అలా రాయలేదు. 'మీరు చెప్పింది సరైనదే. ఏప్రిల్ దిద్దుబాటుకి సరిచేశాం. ఇన్నాళ్ళు ఓపిక పట్టినందుకు కృతజ్ఞతలు.' అని కొట్టి, తెర నా వైపు తిప్పాడు. వందలమందికి ఒకేసారి వెళ్ళింది. వాళ్ళందరికీ తెలుసు. జనవరి నుంచీ చెబుతూనే ఉన్నారు. మొగుడు ఫోన్‌లో చెప్పేదాకా నాకొక్కదానికే తెలియలేదు.

మార్చి 20, శుక్రవారం

సెలవు రోజు. అందరూ పెద్దల సమాధులకి పూలు పట్టుకెళుతుంటే నేను ఆఫీసు తాళం తీసుకున్నాను. సుఖాంతం రాయాలి. సెన్రి ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

మా ఆయన రాడు కాబట్టి సెన్రి కూడా రాకూడదని ఈర్ష్య పడ్డాను. గంటసేపు పడ్డాను, దాచడం దేనికి. ఆ పిల్ల చేత మూడో మాట చెప్పించి, అటునుంచి 'నాకు ఒక్కణ్ణే హాయిగా ఉంది' అనిపిద్దామా అని కూడా అనిపించింది. అది నిజం. కానీ నిజాన్ని బూడిదరంగు గొడుగు కింద ఒకసారి పెట్టేశాను. రెండోసారి ఎవరికి కావాలి?

వచ్చినవాడు ఇంట్లో ఏం చేస్తాడో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు రాసిన కార్డులు ఐదు కుప్పలున్నాయి. సెన్రి కుప్ప బల్ల మీద పరిచాను. వేట మొదలయ్యాక అది కూడా గుట్టయింది, నేనే చూడలేదు. 'సుఖాంతం దొరికితే ఎలా ఉండాలి?' అని వాళ్ళలో వాళ్ళే అనుకుని ఒకరిని చూసి ఒకరు రాసి పంపారు.

ముద్దులూ పెళ్ళి బట్టలూ అడుగుతారనుకున్నాను. అడిగింది ఇవీ. తడిగొడుగు మడవకుండా నడవాలో వదిలేసి తిట్లు తినాలి. ఆ పిల్ల చేతికి రాసుకునే క్రీము దొంగతనంగా వాడాలి, వాసన పట్టేసి అడిగితే లేదని బొంకాలి. టీవీ చూస్తూ నిద్రపోవాలి, ఆపబోతే చూస్తున్నాను అనాలి. ఒకరోజు ఇద్దరూ దేనికో దెబ్బలాడుకుని ఒకే గదిలో మాట్లాడకుండా కూర్చోవాలి. ఇది రాసినావిడ 'ఒకే గదిలో' కింద గీత కూడా గీసింది. ఒక స్కూలుపిల్ల ఇలా రాసింది: 'సెన్రి మిసో సూప్ తాగి ఉప్పెక్కువైంది అనాలి. మా నాన్న రోజూ అంటాడు. అమ్మ రోజూ అయితే తాగకు అంటుంది. నాన్న మొత్తం తాగేస్తాడు.'

ఈ పదేళ్ళలో నా సూప్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. వంక పెట్టని మొగుడు దొరికాడని మా అమ్మ అందరికీ చెప్పుకునేది.

సాయంత్రం దాకా రాశాను. ఫోన్ ఘట్టంలో మూడో మాట పెట్టాను. 'వచ్చెయ్యి.' దాన్ని నొక్కితే అటు ఓడ కూత, తర్వాత 'వస్తున్నాను.' వచ్చాడు. గొడుగు మడవలేదు. బూట్లు విప్పుతూ మొదటిమాటగా, "ఆకలేస్తోంది," అన్నాడు. ఇన్నాళ్ళూ నాకు తట్టని మాట ఇది. ఉప్పెక్కువైంది అన్నాడు. అయితే తాగకు అంది. మొత్తం తాగేశాడు.

నాకు తెలియని సుఖం గురించి మొదటిసారి అబద్ధం లేకుండా రాశాను.

మార్చి 22, ఆదివారం

ఏడున్నరకి ఫోన్ ఇంట్లో వదిలేసి వీధి చివర అందరూ వెళ్ళే స్నానాల ఇంటికి వెళ్ళాను. వేడినీళ్ళల్లో ముసలమ్మలు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు. అందులో ఒకావిడ, "నీకెక్కడ నొప్పమ్మా?" అంది. "ఇంకా తెలియలేదండీ," అన్నాను. అందరూ నవ్వారు.

వచ్చి చూస్తే ఫోన్ ఒక్కసారే మోగినట్టుంది.

మార్చి 29, ఆదివారం

"ఏమీ విశేషాలు లేవుగా?"

"ఉన్నాయి."

నా నోట ఈ మాట వినడం అతనికి ఇదే మొదలు. నేనే చెప్పుకుపోయాను.

"నీ చలికోట్లు రెండు పెట్టెల్లో పంపిస్తున్నాను. మంగళవారానికి అందుతాయి. రెండో పరుపు పైవాళ్ళకి ఇచ్చేశాను, వాళ్ళకి చుట్టాలు ఎక్కువ."

"కోపంగా ఉందా?"

"కోపం కాదు. ఏడుపొస్తోంది. కొన్నాళ్ళు ఇలాగే వస్తుంది. ఆదివారం ఫోన్ చెయ్యకు. ఏదన్నా చెప్పాలనిపిస్తే, ఏ రోజైనా చెయ్యి."

"చెప్పాలనిపిస్తే," అన్నాడు, కొత్తమాట నేర్చుకుంటున్నట్టు. "సరే అయితే."

చెయ్యడు. నాకు తెలుసు. మంచివాడు, అబద్ధం ఆడడు.

ఏప్రిల్ 1, బుధవారం

దిద్దుబాటు మధ్యాహ్నం వదిలాం. సాయంత్రానికల్లా బార్లీ టీ తన పేజీ మార్చింది. 'గొడుగు రంగు తప్పని నేను మొదట్నుంచీ చెప్పలేదా? ఇక అసలు సుఖాంతం దొరికింది. ఉప్పెక్కువైంది అని సెన్రి అన్నప్పుడు రైల్లో అందరిముందూ ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారో.' కింద ఎవరో, రాత్రంతా గేమ్ తెరిచి ఉంచిన అమ్మాయేమో, 'వచ్చాడు, వచ్చాడు' అని రాసింది.

ఇగరాషి అదే అంది. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే దీన్ని?"

"నాది కాదండీ. కార్డుల్లోది."

నమ్మలేదు. వినయం అనుకుని భుజం తట్టింది.

తొత్తోరి పెద్దావిడకి ఒక కార్డు రాశాను, సెన్రి పేరుతో కాదు, నా పేరుతో. 'మూడో మాట పెట్టాను. నేను కూడా చెప్పి చూశాను. మీకు కృతజ్ఞతలు.' ఏం జరిగిందో రాయలేదు. ఆవిడకి చెప్పక్కర్లేదు.

ఏప్రిల్ 4, శనివారం

వచ్చే శనివారం కనెషిరో ఇంటికి భోజనానికి వస్తానని చెప్పాను. కాకరకాయ చేదు తింటారా అని వాళ్ళావిడ మూడుసార్లు అడిగిందట.

సాయంత్రం సూప్ పెట్టుకున్నాను. ఎనిమిదయింది, ఎనిమిదింబావయింది, శనివారమే అయినా చెవి ఫోన్ వైపే ఉంది. కిటికీ వైపు కాకుండా పొయ్యి పక్కనే నిలబడి ఒక గుక్క తాగాను.

"ఉప్పెక్కువైంది," అన్నాను పైకి.

వంటింట్లో నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. నిజంగానే ఎక్కువైంది. పదేళ్ళూ ఇలాగే పెట్టి ఉంటాను. నీళ్ళు పోసి మళ్ళీ మరగబెట్టాను. ఒక్క మనిషికి చాలా ఎక్కువయింది, సగం రేపటికి ఉంచాను.